ఆరు అతుకుల జీపు

చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని జీపు కిందికి దూరిన మెకానిక్ గస్ పెట్రిక్ సుత్తితో ఒక్క దెబ్బ వేసేసరికి, అరచేయంత ఇనుప అతుకు అడుగున ఉన్న ఛాసిస్ చట్రం నుంచి పెచ్చులా ఊడి అతని గుండెల మీద పడింది.

పక్కనే కాఫీ తాగుతూ నిలబడ్డ డోరీన్ సబోల్ ఆ చప్పుడు విన్నది. జీపు ఆమెదే. అయిదు నెలలుగా ఆ అతుకును నమ్ముకుని రోజూ నాలుగు వందల ఇళ్ళకు ఉత్తరాలు పంచుతోంది. రాళ్ళకొండ రోడ్డు ఎక్కుతోంది, దిగుతోంది.

గస్ మెల్లగా బయటికి జారి వచ్చాడు. ముక్కను వెలుతురులో తిప్పి చూశాడు.

"దీన్ని ఎవరు అతికించారు? చూయింగ్ గమ్ముతోనా?"

"ఫైర్ హాలు వాళ్ళు. అక్టోబరులో ఊరివాళ్ళ బండ్లు ఊరికే బాగుచేసే పని శనివారం పెట్టారుగా, అప్పుడు."

"వాళ్ళలో ఎవరు?"

"అది తెలిస్తే ఇక్కడ నిలబడి నీ చేదు కాఫీ ఎందుకు తాగుతాను? వాడి గుమ్మం ముందు నిలబడి ఉండేదాన్ని."

మా పెన్సిల్వేనియా కొండల్లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉప్పు ముందు మంచును తింటుంది, తర్వాత బండ్లను తింటుంది. అందుకే ఏడాదికోసారి బండి తనిఖీ చేయించి అద్దం మీద కొత్త కాగితం అంటించుకోవాలి. డోరీన్ కాగితానికి ఆ శనివారంతో గడువు తీరుతుంది. పల్లెదారుల్లో ఉత్తరాలు పంచేవాళ్ళు బండి సొంతంగా తెచ్చుకోవాలి. బండి లేకపోతే ఆ దారి ఇంకొకరికి పోతుంది. ఆమె దారి కోసం రెండేళ్ళుగా కాచుకుని కూర్చున్నవాడు ఒకడు ఉన్నాడు. పోస్టుమాస్టరు అప్పుడే అతనికి ఫోను చేసి సోమవారం సిద్ధంగా ఉండమన్నాడట.

అది మంగళవారం.

"కింద ఆరు అతుకులున్నాయి డోరీన్," అన్నాడు గస్. "ఒకటి ఊడింది. అయిదు నా సుత్తికి ఆగాయి. సుత్తికి ఆగినవి కొండకి కూడా ఆగుతాయని నేను సంతకం పెట్టలేను. ఇది ఎందుకు ఊడిందో కనుక్కో. మిషన్ తప్పయితే ఆ మిషన్‌తో వేసినవే కోసి మళ్ళీ వేస్తా, ఒక రాత్రి పని. చేతి తప్పయితే ఆరూ కోసెయ్యాలి. ఆ రోజు ఎవడి చెయ్యి ఎక్కడ పడిందో ఎవడికీ గుర్తులేదు కదా."

"ఆరూ అంటే?"

"రెండు వారాలు."

డోరీన్ ఆ ముక్కను కోటు జేబులో వేసుకుంది.

బుధవారం పొద్దున నేను తాళం తీసేసరికి డోరీన్ దుకాణం మెట్ల మీద కూర్చుని ఉంది. నా పేరు రోమన్ హుడాక్. మేకు దగ్గర నుంచి మంచు తోసే యంత్రం దాకా అన్నీ అమ్ముతాను. ముప్ఫై ఏళ్ళుగా ఈ లోయలో ఎవరింట్లో ఏ పనిముట్టు ఉందో నాకు తెలియకుండా లేదు.

"రోమన్, నాకో వెల్డింగ్ మిషన్ కావాలి. మొదటిసారి పట్టుకునేవాళ్ళు వాడేది."

"ఏం అతికించడానికి?"

"జీపు నేల. మా వరండా మెట్ల కమ్మీ. మంచు లారీ పడగొట్టే ఉత్తరాల డబ్బాల స్తంభాలు. ఆ తర్వాత అక్టోబరులో నా జీపుకి అతుకులేసిన చెస్టర్, ఆర్లోల నోళ్ళు."

"నోటికి వేరే మిషన్ కావాలి. అది మేం అమ్మం."

ఆమె నవ్వలేదు. నేను ఆమెను వెనక వరసకు తీసుకెళ్ళాను. అక్కడ మూడు రకాలున్నాయి. డోరీన్ నేరుగా పెద్దదాని మీద చెయ్యి వేసింది. మొదటిసారి కొనేవాళ్ళందరూ అంతే.

"ఇదివ్వు."

"నీ గరాజులో దీనికి ప్లగ్గేదీ? ఇది గోడకున్న మామూలు ప్లగ్గుకి కదలదు."

"బట్టలు ఆరబెట్టే మిషన్ ప్లగ్గు ఉందిగా, గోడ అవతలే."

"అయితే ఇంకోటి అడుగుతా. ఇంట్లో కూర్చుని అతికిస్తావా, బయట గాల్లోనా?"

"స్తంభాలు ఇంట్లోకి రావు కదా రోమన్."

"అందుకే గ్యాస్ సిలిండర్ మిషన్ ఒక్కటే ఉంటే నీకు చాలదు. బయట గాలి వీస్తే గ్యాస్ ఎగిరిపోతుంది, అతుకు జల్లెడవుతుంది. ఇదిగో, ఈ తీగ చుట్ట చూడు. లోపల మందు కూరి ఉంటుంది. కాలేటప్పుడు దాని పొగే దానికి దుప్పటి. సిలిండర్ అక్కర్లేదు. చిటపటలు ఎక్కువ, అతుకు కాస్త మొరటుగా ఉంటుంది, కానీ పట్టు పడుతుంది. రేకు పని నున్నగా కావాలంటే తర్వాత సిలిండర్ తగిలించుకోవచ్చు. రెండూ చేసేది ఈ మధ్యది. ప్లగ్గులు కూడా రెండు రకాలూ తీసుకుంటుంది."

"మరి కడ్డీతో వేస్తాడే చెస్టర్?"

"కడ్డీ మిషన్ మందపాటి ఇనుముకి రాజు. నీ జీపు నేల రేకు మీద పెడితే రేకుండదు, చిల్లుంటుంది. చెస్టర్ ముప్ఫై ఏళ్ళు గనుల్లో వేశాడు కాబట్టి ఛాసిస్ మీద నడుస్తోంది. నువ్వు కడ్డీతో మొదలుపెడితే వారంలో అమ్మేస్తావు."

డోరీన్ జేబులోంచి ముక్క తీసి బల్ల మీద పెట్టింది.

"అయితే ఇది చూసి చెప్పు. ఇది కడ్డీయా, తీగా?"

కళ్ళజోడు పెట్టుకున్నాను. అతుకు చూస్తే ఎవరు వేశారో దస్తూరీ చూసినట్టు తెలుస్తుందని నేను గొప్పలు పోతుంటాను. చెస్టర్ కడ్డీ గీత నాణేలు వరసగా వాల్చినట్టు ఉంటుంది. ఇది తాడు తెచ్చి పైన పెట్టినట్టుంది. అంచుల్లో సూది మొన బెజ్జాలు, చుట్టూ ఆవగింజల్లా ఇనుప గుళ్ళు. కింది ఇనుము కరగనే లేదు. అతుకు దాని మీద కూర్చుంది, అంతే.

"తీగ మిషన్ పని," అన్నాను. "ఆ రోజు ఫైర్ హాలులో తీగ మిషన్ ఒకటే. ఆర్లోది."

ఆర్లో క్రెస్గీ బడి బస్సు నడిపి రిటైరయ్యాడు. ఆ మిషన్ నా దగ్గరే కొన్నాడు. కొన్న రోజు గ్యాస్ సిలిండర్ తగిలించి, ఇదే బల్ల మీద రెండు ముక్కలు అతికించి చూపించాను. "అబ్బ, వెన్న రాసినట్టు వచ్చిందే!" అని మురిసిపోయాడు. తీరా కొనేటప్పుడు సిలిండర్ వద్దన్నాడు, మందు తీగ చుట్ట ఒకటి చంకలో పెట్టుకుని పోయాడు.

మధ్యాహ్నానికి లోయంతా తెలిసిపోయింది. డోరీన్ ఎవరికీ చెప్పలేదు, నేను ఒక్కరికే చెప్పాను. అక్టోబరులో ఎవరు ఎన్ని వేశారంటే చెస్టర్ అయిదన్నాడు, ఆర్లో నాలుగన్నాడు. మొత్తం తొమ్మిది. జీపుకున్నవి ఆరు. ఇప్పుడు అడిగితే ఇద్దరివీ కలిపి రెండు దాటడం లేదు.

"ఆర్లో బస్సు ఎలా నడిపాడో అతుకూ అలాగే వేశాడు," అన్నాడట హోటల్లో చెస్టర్. "ప్రతి స్టాపులో ఒక బిడ్డను వదిలేసి."

ఆర్లో తింటున్న గుడ్లు సగంలో వదిలేసి లేచి వెళ్ళిపోయాడట.

బుధవారాలు నేను పన్నెండుకే దుకాణం మూసేస్తాను. డోరీన్ శనివారం దాకా అరువు తెచ్చుకున్న కారులో ఉత్తరాలు పంచి, దాంతోనే మా ఇంటికి వచ్చింది. దుకాణంలో అలమర మీద ఉన్న మిషన్లలో ఆర్లో కొన్నలాంటిదే, ఆ మధ్యది, తెచ్చి డబ్బా విప్పి గరాజులో పెట్టాను. కొనే ముందు చేత్తో పట్టి చూడాలని నేనే అన్నాను. ఆమెకు నల్ల అద్దం టోపీ, తోలు చేతి తొడుగులు ఇచ్చాను.

"తీగను తొయ్యకు, లాక్కుంటూ రా. కరిగిన బొట్టును చూడు, మెరుపును కాదు. బొట్టు రెండంచుల్నీ నాకుతోందా లేదా, అదొక్కటే చూడు."

"మెరుపే కనిపిస్తుంటే బొట్టెక్కడ చూసేది!"

మొదటి గీత వానపాము పాకినట్టు వచ్చింది. రెండోది వానపాము తాగి పాకినట్టు వచ్చింది. మూడో గీత వేసి టోపీ ఎత్తి సిగ్గుపడింది.

"మా కుక్క ఇంతకన్నా బాగా వేస్తుంది."

"సుత్తి పట్టు."

కొట్టింది. ఊడలేదు. రెండు చేతులతో కొట్టింది. ముక్క వంగింది గాని అతుకు వదల్లేదు.

ఇద్దరం ఆ వంకర గీతనీ, జీపు కింద ఊడిన ముక్కనీ పక్కపక్కన పెట్టాం. ఊడినదే అందంగా ఉంది. తిన్నగా, ఒకే వెడల్పున, బస్సు నడిపినవాడి ఓపిక కనిపిస్తోంది అందులో.

"ఇదేంటి రోమన్?" అంది డోరీన్. ఆమె గొంతులో కోపం పోయి ఇంకేదో వచ్చింది. "నేను పుట్టి ఇవాళే మొదటిసారి వేశాను. నాది ఆగింది. ఆర్లో ఇంత ఓపికగా వేసినది ఊడింది. అదే మిషన్, అదే తీగ. మరి తేడా ఎక్కడుంది?"

"తుప్పు సరిగ్గా గీకలేదేమో."

"ఇక్కడ చూడు, ఇనుము తళతళలాడుతోంది. గీకాడు. నాకన్నా బాగా గీకాడు."

అప్పుడు డోరీన్ మా లోయలో ఎవరూ చెయ్యని పని చేసింది. డబ్బా అడుగున ఉన్న చిన్న పుస్తకం తీసి చదవడం మొదలుపెట్టింది. నేను వందలకొద్దీ మిషన్లు అమ్మాను. ఆ పుస్తకాన్ని కాఫీ కప్పు కింద పెట్టడానికి తప్ప ఎవరూ వాడగా చూడలేదు. ఉత్తరాలు పంచే మనిషికి చిరునామా చివరి దాకా చదివే అలవాటు ఉంటుంది కాబోలు.

"ఇదిగో. పక్క తలుపు తెరిస్తే లోపల రెండు కరెంటు తీగల కొసలుంటాయట. ఒకటి ప్లస్‌కి, ఒకటి మైనస్‌కి. గ్యాస్‌తో వాడితే ఒకలా, మందు తీగతో వాడితే తిప్పి పెట్టాలట. బొమ్మ కూడా వేశారు. తిప్పి పెట్టకపోతే ఏమవుతుంది?"

"చిటపటలు ఎక్కువవుతాయి."

"అంతేనా? పెట్టి చూద్దాం."

నేను వద్దనే లోపే తలుపు తెరిచి మరలు విప్పి కొసలు మార్చేసింది. టోపీ దించి గీత లాగింది. మిషన్ చప్పుడే మారిపోయింది. ఇంతకుముందు మాంసం వేగినట్టుండేది, ఇప్పుడు తడి చెయ్యి పెనానికి తగిలినట్టు పేలుతోంది. చల్లారాక చూశాం. అంచుల్లో సూది బెజ్జాలు. చుట్టూ ఆవగింజల్లాంటి గుళ్ళు. తాడు పైన పెట్టినట్టు గీత.

డోరీన్ సుత్తి ఎత్తి చిన్నగా తట్టింది. ముక్క ఊడి సిమెంటు నేల మీద దొర్లింది.

"అమ్మయ్య!" అంది డోరీన్. అంటూనే అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. "చేతి తప్పు కాదు రోమన్, మిషన్ తప్పు. మందు తీగ పెట్టుకుని కొసలు గ్యాస్‌కి పెట్టినట్టు ఉంచేశాడు. ఆ మిషన్‌తో వేసినవి కోస్తే చాలు. శనివారానికి అయిపోతుంది!"

"అవును," అన్నాను.

"కానీ కొత్త డబ్బాలో కొసలు మందు తీగకే పెట్టి వస్తాయి కదా, ఆర్లో వాటిని ఎందుకు తిప్పాడంటావ్?"

నేను సుత్తిని గోడకు తగిలించడానికి లేచాను.

గురువారం మధ్యాహ్నం 'అరగంటలో వస్తాను' అన్న అట్ట తలుపుకు తగిలించి దుకాణం మూశాను. అప్పుడే డోరీన్ హోటల్లో ఆర్లో ఎదురుగా కూర్చుని ఉందట.

"ఆర్లో, నీ మిషన్ పక్క తలుపు ఎప్పుడైనా తెరిచావా?"

"దానికి తలుపుందా?" అన్నాడట ఆర్లో.

ఈస్టరు ముందు ఉపవాస దినాల్లో శుక్రవారం సాయంత్రమంటే ఫైర్ హాలులో వేపిన చేపలు, ఉల్లిపాయలు వేసి వెన్నలో దొర్లించిన, ఆలుగడ్డ కూరిన పిరోగీలు. లోయంతా అక్కడే ఉంటుంది. గస్ ఒక మూల బల్ల దగ్గర కూర్చుని, డోరీన్ చెప్పేది వింటూ పిరోగీల మీద పిరోగీలు మింగుతున్నాడు. చెస్టర్ మరో బల్ల దగ్గర నుంచి చెవి వేసి ఉన్నాడు. నేను డోరీన్ పక్కనే ఉన్నాను.

"కథ బాగుంది," అన్నాడు గస్. "మిషన్ చూడాలి. కొసలు తిరగేసి ఉంటే నీ మాట నిజం. ఈ రాత్రే కోత మొదలుపెడతా. పొద్దున తొమ్మిదికల్లా కాగితం అంటిస్తా."

ఆ మాట పూర్తవకుండానే తలుపు తోసుకుని ఆర్లో వచ్చాడు. రెండు చేతులా మిషన్ మోసుకొస్తున్నాడు. మొహం ఎర్రగా కంది ఉంది. వెనిగర్ సీసాలను మోచేత్తో జరిపి మిషన్‌ను బల్ల మధ్య దభాలున పెట్టాడు.

"చూడండి! అందరూ చూడండి! నేను దీని తలుపు తెరవలేదు, తిప్పలేదు, ముట్టుకోలేదు. గస్, నువ్వే తెరువు."

గస్ చేతులు తుడుచుకుని తలుపు తెరిచాడు. డోరీన్ పుస్తకంలో బొమ్మ చూపించింది. గస్ బొమ్మను చూసి, లోపల చూసి, మళ్ళీ బొమ్మను చూశాడు.

"సరిగ్గానే ఉంది. మందు తీగకి ఎలా ఉండాలో అలాగే ఉంది."

"చెప్పానా!" అని అరిచాడు ఆర్లో. గెలిచినవాడిలా చుట్టూ చూశాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ గెలుపు ఏమిటో అతనికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

"అయితే మిషన్ తప్పు కాదు," అన్నాడు గస్ నెమ్మదిగా. "చేతి తప్పు."

"ప్రతి స్టాపులో ఒక బిడ్డ," అన్నాడు చెస్టర్ వెనక నుంచి.

"నోర్ముయ్ చెస్టర్! ఆ రోజు మధ్యాహ్నం నీ కడ్డీ కూడా ఇతని చేతికిచ్చి నువ్వు బీరు తాగడానికి పోయావట కదా? అప్పుడు ఏది ఎవరు వేశారు? చెప్పు!" అన్నాడు గస్. చెస్టర్ చేప ముక్క నోట్లో కుక్కుకున్నాడు. గస్ డోరీన్ వైపు తిరిగాడు. "నన్ను తిట్టుకోకు తల్లీ. ఆరూ కోయాలి. రేపు కాగితం అంటించలేను."

డోరీన్ పుస్తకం మూసేసింది. జేబులోంచి ఆ అతుకు ముక్క తీసి పళ్ళెం పక్కన పెట్టి దాన్నే చూస్తోంది. పదిహేడేళ్ళ దారి ఆమెది. ఏ ఇంటి కుక్క కరుస్తుందో, ఏ ముసలాయన ఉత్తరం కోసం కాకపోయినా పలకరింపు కోసం డబ్బా దగ్గర నిలబడతాడో ఆమెకు తెలుసు. ఆర్లో కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. తన రెండు చేతులనూ బల్ల మీద పరిచి, ఎవరివో అన్నట్టు చూసుకుంటున్నాడు.

"నిన్న అలా లేదు," అన్నాన్నేను.

గస్ ఫోర్కు ఆపాడు. "ఏది?"

"కొసలు. నిన్న మధ్యాహ్నం దాకా తిరగేసే ఉన్నాయి. నేనే సరిచేశాను. ఆర్లో హోటల్లో ఉన్నప్పుడు వాళ్ళ గరాజులోకి వెళ్ళాను. తాళం వెయ్యడు, తెలుసుగా. తలుపు తెరిచి చూశాను. నేను ఎలా వదిలేశానో అలాగే ఉన్నాయి. అవును, నేను వదిలేసినట్టే. ఆర్లో, నువ్వు కొనడానికొచ్చిన రోజు నీకు గ్యాస్‌తో చూపించడానికి కొసలు నేనే మార్చాను. నువ్వు సిలిండర్ వద్దన్నావు. నేను మందు తీగ చుట్ట అమ్మాను. కొసలు వెనక్కి మార్చడం మరిచిపోయి డబ్బాలో పెట్టేశాను. ముప్ఫై ఏళ్ళుగా అందరికీ చెప్పేది నేనే, తలుపు తెరిచి చూసుకోండని. నీకు చెప్పలేదు. బుధవారం డోరీన్ కొసలు తిప్పిన క్షణంలోనే నాకు తెలిసింది. అప్పుడే చెప్పాల్సింది. దుకాణం పరువు పోతుందనుకున్నాను. నీ పరువు పోతుంటే చూస్తూ ఊరుకున్నాను. గస్, ఆ మిషన్ నా బల్ల మీద నుంచి దిగినప్పటి నుంచి నిన్నటి దాకా తప్పే. దానితో వేసినవన్నీ చెడ్డవే, అవే కోయి. బెజ్జాలు చూస్తే ఏవో తెలుస్తాయి, అతుకుల మీద పూసిన తారు గీకి చూడు. కడ్డీతో వేసినవి వదిలెయ్, ఎవరు వేసినా సరే. నేను వచ్చి దీపం పట్టుకుంటాను. చెస్టర్, నువ్వు కడ్డీ తీసుకురా, ఈ రాత్రి బీరు లేదు. ఆర్లో, నీ చేతిలో ఏ తప్పూ లేదు. ఆ గీత అంత తిన్నగా నేను కూడా వెయ్యలేను. డోరీన్, నువ్వు ఆ మధ్య మిషనే తీసుకో, నీకు అదే సరిపోతుంది. కానీ సీలు విప్పని డబ్బా తీసుకో. పక్క తలుపు నువ్వే తెరిచి చూసుకో. నన్ను మాత్రం దాని మీద చెయ్యి వెయ్యనివ్వకు."